మూడక్షరాల చొక్కా

చాథాం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి, ఒడ్డు వెంబడి పోతే హోప్ టౌన్. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరికి దక్కింది ఒక్క సాయంత్రమే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో మౌంట్ హారియట్ మీద సూర్యాస్తమయం చూసి దిగివచ్చి, ఇక్కడి రేవులో పడవెక్కబోతూ ఖైదీ షేర్ అలీ కత్తిపోటుకు చనిపోయాడు. ఆ కొండ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. ఎదుటి ఒడ్డునున్న పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. జనం నోట ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి గానీ, టీ షర్టులు అచ్చేసేవాడికి మాత్రం పేరు మారిన ప్రతిసారీ పాత స్క్రీను అటకెక్కుతుంది, కొత్త స్క్రీను ఖర్చు మీద పడుతుంది.

ఈ సంవాదం అలాంటి ఒక దుకాణంలో జరిగింది. దుకాణదారుడి తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు కాబట్టి ఆయనకు మనవాళ్ళ గిరాకీకి లోటు లేదు. వాదించింది ఆయన చెల్లెలి కూతురు, వకీలు. తగువు తెచ్చిపెట్టింది అక్క కూతురు. ఆ పిల్ల టెక్సస్‌లో చదువుతూ అక్కడి కాలేజీలో ఆడపిల్లల సంఘంలో, అదే సొరోరిటీలో, చేరింది. డిసెంబరు సెలవులకు వస్తున్నానని, వెళ్ళేటప్పుడు పెట్టెలో పట్టుకెళ్ళడానికి నలభై టీ షర్టులు అచ్చేసి ఉంచమని వాట్సాప్‌లో బొమ్మ పంపింది. ఛాతీ మీద మూడు గ్రీకు అక్షరాలు, వాటి కింద సంఘం చిహ్నం. వకీలు ఆ బొమ్మ చూసి వద్దంది. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణే. మధ్యలో కూర్చున్నాను గానీ మధ్యవర్తిని కాను.

దుకాణదారు: ముందు ఇది చెప్పమ్మడూ. ఆల్ఫా, బీటా, గామా. లెక్కల పుస్తకం నిండా అవే. వీటికి యజమాని ఎవడు? రేపెవడో వచ్చి మన ‘క’ నాది, ‘ఖ’ నాది అంటే ఒప్పుకుంటామా?

వకీలు: విడి అక్షరానికి యజమాని లేడు మావయ్యా. ఎల్, ఐ, సి కూడా విడివిడిగా ఎవరివీ కావు. ఆ మూడూ వరసగా బోర్డు మీద రాసుకుని వీధిలో కూర్చో, ఏమవుతుందో చూద్దాం.

దుకాణదారు: నేను పాలసీలు అమ్మడం లేదే! చొక్కా అమ్ముతున్నాను. ఎల్.ఐ.సి. అని రాసిన చొక్కా తొడుక్కున్నవాణ్ణి చూసి ఎవడైనా ప్రీమియం కడతాడేటి?

వకీలు: కడతాడు. జెట్టీ దగ్గర నిలబడి రసీదు పుస్తకం పట్టుకుంటే తప్పకుండా కడతాడు. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఈ సంఘాలేమిటో విను. 1776లో వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్ళు ఫై బీటా కప్పా అని పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల వాడుక అక్కణ్ణుంచే. తర్వాత ఇవి ఊరూరా కొమ్మలేశాయి. ఒకే పేరుతో వందల కాలేజీల్లో శాఖలు, పైన ఒక జాతీయ కార్యాలయం, చందాలు, ఇళ్ళు, దీక్షలు, రహస్యాలు. తెల్లవాళ్ళ సంఘాల్లో చోటు లేక నల్లవాళ్ళు తమవి పెట్టుకున్నారు. మనవాళ్ళ పిల్లలు పెద్ద సంఖ్యలో కాలేజీలకొచ్చాక వాళ్ళూ పెట్టుకున్నారు. 1994లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌లో అయోటా ను డెల్టా, 1998లో హ్యూస్టన్‌లో ఆడపిల్లల డెల్టా ఫై ఒమేగా, అదే ఏడు ఆస్టిన్‌లో కప్పా ఫై గామా. ఇప్పుడు వాటిలో తెలుగింటి పేర్లకు కొదవ లేదు.

దుకాణదారు: బావుంది. మన పిల్లలు పెట్టుకున్న సంఘానికి మన ఊళ్ళో చొక్కా అచ్చేస్తే అడ్డేమిటి?

వకీలు: ఆ అక్షరాల వరస, ఆ చిహ్నం ఆ పిల్లవి కావు, ఆమె కాలేజీ శాఖవి కూడా కావు. పై కార్యాలయం పేరున ట్రేడ్ మార్కుగా నమోదై ఉంటాయి. వాటితో చొక్కా, కప్పు, ఉంగరం, ఏది చేసి అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. చాలా సంఘాలు ఆ పనిని అఫినిటీ అనే కంపెనీకి అప్పజెప్పాయి. కొన్ని సొంతంగా చూసుకుంటాయి. అమ్మేవాడు దరఖాస్తు పెట్టాలి, ఒప్పందం మీద సంతకం చెయ్యాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి, గీసిన ప్రతి బొమ్మా ముందు పంపి సరేననిపించుకోవాలి. మందు సీసా బొమ్మ ఉంటే కుదరదంటారు. కొన్ని సంఘాల్లో పూర్తి చిహ్నం దీక్ష తీసుకున్నవాళ్ళే తొడుక్కోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు అక్షరాల వరకే. చొక్కాలు లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే కొనమని శాఖలకు కూడా కట్టడి పెడతారు. కాబట్టి రేపు తప్పు నీ మీదే కాదు, ఆ పిల్ల మీద కూడా పడుతుంది.

దుకాణదారు: వాటా అన్నావు చూడు, అదీ అసలు సంగతి. మిగతాదంతా దాని చుట్టూ కట్టిన పందిరి.

వకీలు: డబ్బు లేదని నేనన్నానా?

(ఇక్కడ ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. ఆరేసిన చొక్కాల మధ్య నుంచి ఒక ఫ్రేము తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. మెష్ మీద ఎండిన ఎమల్షన్, దాని మధ్యలో లైట్ హౌస్, కొబ్బరి చెట్లు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉండే దృశ్యమే. మౌంట్ హారియట్ మీద నుంచి చూస్తే నార్త్ బే అలాగే కనబడుతుంది. టూరిస్టులు నోటు తీసి పక్కన పెట్టి మరీ ఫొటో దిగుతారు. నోటునే చొక్కా మీద అచ్చేయమని అడిగేవాళ్ళూ ఉంటారు. ఆయన వెయ్యడు. నోటును పోలిన కాగితం అచ్చేస్తే జరిమానా ఉందని ఎవరో చెప్పగా విన్నాడు. అందుకని దృశ్యం వరకు తీసుకుని, అంకెలు, అక్షరాలు వదిలేశాడు.)

దుకాణదారు: దీనికి నేనెవరికీ వాటా ఇవ్వను. లైట్ హౌస్ ప్రభుత్వానిది, కొబ్బరి చెట్టు ఎవరిదో. హోప్ టౌన్ 1872 అని వేస్తాను. ఊరి పేరుకు లైసెన్సు అడిగినవాడు ఇంతవరకు రాలేదు.

వకీలు: రాడు కూడా. మన 1999 ట్రేడ్ మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరును మామూలుగా ఎవడూ తన గుర్తుగా నమోదు చేయించుకోలేడు. నువ్వు తెలిసో తెలియకో సరైనవే ఎంచుకున్నావు. మరి ఆఫీసువాళ్ళ టోర్నమెంటు చొక్కాల మీద మూడు సింహాలు వెయ్యమంటే ఏం చేస్తావు?

దుకాణదారు: ఆఫీసు ఆర్డరు కాగితం తెమ్మంటాను.

వకీలు: ఎందుకు?

దుకాణదారు: అది సర్కారు ముద్ర. దానికి 2005లో చట్టమే వచ్చిందని నువ్వే కదా చెప్పావు? కానీ సర్కారుకూ, అమెరికాలో పిల్లలు పెట్టుకున్న సంఘానికీ పోలికేటి? ట్రేడ్ మార్కు ఎందుకొచ్చిందో నాకు తెలియదనుకోకు. సబ్బు కొనేవాడు ఫలానా సబ్బు అనుకుని ఇంకోటి కొని మోసపోకూడదని. ఇక్కడ మోసపోయేవాడెవడు? చొక్కా నేను అచ్చేస్తున్నానని ఆ పిల్లకు తెలుసు. ఆమె స్నేహితురాళ్ళకు తెలుసు. ఆ సంఘమే స్క్రీను పట్టి, ఇంకు లాగి ఈ చొక్కా అచ్చేసిందని భూమ్మీద ఎవరైనా అనుకుంటారా?

వకీలు: అనుకోరు. ఈ మాట నీకు ఉచితంగా ఇస్తున్నాను, నా మీదికే వాడుకో. 1980లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అచ్చం నీలాగే అంది. జాబ్స్ డాటర్స్ అని ఆడపిల్లల సంఘం. 1920లో పుట్టింది. లిండెబర్గ్ అనే నగల వ్యాపారి వాళ్ళ చిహ్నంతో ఉంగరాలు, పిన్నులు చేసి అనుమతి లేకుండా అమ్మాడు. సంఘం కోర్టుకెళ్ళింది. సంఘం చేయించిన ఉంగరమని ఎవరూ దీన్ని కొనరు, నేను ఫలానా సంఘం మనిషినని చూపించుకోవడానికి కొంటారు, కాబట్టి ఇక్కడ ఆ చిహ్నం ట్రేడ్ మార్కుగా పనిచెయ్యడం లేదు అని తేల్చింది కోర్టు. నగల వ్యాపారి గెలిచాడు.

దుకాణదారు: చూశావా! ఇంత మంచి తీర్పు చేతిలో పెట్టుకుని నాకు వద్దు వద్దంటావేటి?

వకీలు: మీ అల్లరి పిల్ల చదివేది టెక్సస్‌లో. ఆ రాష్ట్రం ఐదో సర్క్యూట్ అనే వేరే అప్పీలు కోర్టు కిందికొస్తుంది. ఆ కోర్టు 1975లోనే రెండో దారి పట్టింది. హాకీ జట్ల గుర్తులను గుడ్డ మీద కుట్టి అమ్మిన కంపెనీ కేసది. ఆ గుర్తే సరుకును అమ్మిస్తోంది, ఆ గుర్తు ఎవరిదో కొనేవాడికి తెలుసు, అది చాలు అంది. 2008లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ కేసులో ఇంకా ముందుకెళ్ళి, యూనివర్సిటీ పేరు లేకపోయినా దాన్ని గుర్తుచేసే రంగులు, మాటలు వాడి చొక్కాలు అమ్మడం తప్పే అంది. తొమ్మిదో సర్క్యూట్ కూడా 2006లో వోక్స్‌వ్యాగన్ గుర్తున్న కీ చైన్ల కేసులో తన పాత తీర్పుకు హద్దులు గీసుకుంది. నీ వాదం బాగానే ఉంది. దాన్ని ఒప్పుకునే కోర్టు నువ్వు వెళ్ళే దారిలో లేదు.

దుకాణదారు: అంటే చట్టం ఎక్కడో మొదలై ఎక్కడికో వచ్చింది. కొనేవాణ్ణి కాపాడటానికి పెట్టినది గుర్తున్నవాణ్ణి కాపాడుతోంది.

వకీలు: నిజమే.

(ఆమె ‘నిజమే’ అన్న తీరు నాకు నచ్చింది. వకీళ్ళు ఆ మాటను చాలా పొదుపుగా వాడతారు. నా మటుకు నాకు కూడా ఈ జాగాలో దుకాణదారుడి పక్షమే బలంగా అనిపించింది. సంఘం గుర్తును సబ్బు గుర్తుతో ఒకే గాట కట్టేస్తే ఎక్కడో కీలు తప్పుతుంది. ఆ కీలు ఎక్కడుందో మాత్రం అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.)

దుకాణదారు: సరే, నా బోటి చిన్నవాణ్ణి ఆ కోర్టుల్లో ఒక్కసారైనా మనిషిగా చూశారా?

వకీలు: చూశారు. అదీ టెక్సస్‌లోనే. లబ్బక్ అనే ఊళ్ళో ఒకాయన 1961 నుంచి ప్యాడిల్ ట్రాంప్స్ అనే పేరుతో చెక్క తెడ్లు చేసి అమ్మేవాడు. నాటు పడవ తెడ్డు లాంటివే, కాకపోతే గోడకు తగిలించుకోవడానికి. వాటి మీద సంఘాల అక్షరాలు, చిహ్నాలు. దశాబ్దాలు అమ్మాడు. లైసెన్సు తీసుకోమని సంఘాలు అడిగాయి, ఆయన తీసుకోలేదు. చివరికి ముప్పైకి పైగా సంఘాలకూ ఆయనకూ కేసు నడిచింది. ఆయన చేసింది తప్పేనని, అయితే సంఘాలు తమ హక్కు మీద ఇన్నేళ్ళు నిద్రపోయాయని జ్యూరీ అంది. 2013లో ఐదో సర్క్యూట్ దాన్నే ఖాయం చేసింది. కొన్ని సరుకులు అమ్ముకోవచ్చు, కొన్ని కూడదు, ప్రకటనల్లో ఇలా వాడొద్దు అని హద్దులు పెట్టి వదిలేసింది.

దుకాణదారు: గెలిచాడా, ఓడాడా?

వకీలు: బతికాడు. నీకు ఆ వీలూ లేదు. ఆయన వెనక యాభై ఏళ్ళ అమ్మకం ఉంది, నీ వెనక ఒక వాట్సాప్ మెసేజీ ఉంది.

దుకాణదారు: తెడ్లు గోడకు తగిలించుకోవడానికేనంటావా? కొత్తగా చేరినవాణ్ణి కొట్టడానికి కూడా వాడేవారని మన పిల్లే చెప్పింది.

వకీలు: ఒకప్పుడు వాడేవారు. ర్యాగింగ్ లాంటిదే. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో దాని మీద చట్టం తేవలసి వచ్చింది కదా, అక్కడా రాష్ట్రాలు అలాంటివే తెచ్చాయి. సంఘాలు గుర్తును అంత గట్టిగా పట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఎవడో తాగి, మూడక్షరాల చొక్కా తొడుక్కుని, ఏదో ఘోరం చేస్తే మర్నాడు పేపర్లో చొక్కా పేరే పడుతుంది.

దుకాణదారు: చొక్కాకు లైసెన్సు ఉంటే వాడు తాగడా?

(దీనికి ఆమె జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉందని నేనూ అనుకోను.)

దుకాణదారు: అమెరికా కోర్టులు అమెరికాలో ఉంటాయి. నేను హోప్ టౌన్‌లో ఉన్నాను. పంచాయతీ ట్రేడ్ లైసెన్సు గోడ మీద ఉంది, చూడు. ఆ సంఘం పేరు ఇక్కడెవరు విన్నారు? జెట్టీలో పదిమందిని ఆపి అడుగు.

వకీలు: ఈ మాటకు మన సుప్రీం కోర్టు నీ వైపే ఉంది. 2017 డిసెంబరులో టొయోటా కేసు. ప్రియస్ అనే కారు పేరు ప్రపంచమంతా తమదేనని టొయోటా అంది. ఢిల్లీలో ఒక కంపెనీ 2001 నుంచే ఆ పేరుతో కారు సామాన్లు అమ్ముకుంటోంది. ప్రపంచంలో పేరుంటే చాలదు, 2001 నాటికి ఇక్కడ, ఈ దేశపు కొనుగోలుదారుల్లో పేరుందని రుజువు చెయ్యాలి అంది కోర్టు. ఆ పేరు విషయంలో టొయోటా ఓడిపోయింది. కాబట్టి ఆ చొక్కాలను నువ్వు ఇక్కడే వేలాడదీసి టూరిస్టులకు అమ్మితే, ఆ సంఘం ఇక్కడ నమోదు చేయించుకుని ఉండకపోతే, నిన్ను పట్టుకోవడం కష్టం.

దుకాణదారు: మరింకేటి?

వకీలు: ఇక్కడ అమ్మడం లేదు కదా. పెట్టెలో పెట్టి పంపుతున్నావు. ఎగుమతి కోసం గుర్తు వేసినా ఇక్కడ వాడినట్టే లెక్క అని మన చట్టం యాభయ్యారో సెక్షన్ చెబుతోంది. ఇక ఆ పెట్టె దిగేది ఆ గుర్తుకు పూర్తి రక్షణ ఉన్న దేశంలో. అక్కడ పదిమందికి పంచి డబ్బు తీసుకునేది ఆ పిల్ల. వీసా మీద చదువుకుంటున్న పిల్ల.

(ఆయన మొదటిసారి తడుముకున్నాడు. వీసా అన్న మాట తెలుగు ఇళ్ళల్లో ఏ సెక్షన్ కన్నా గట్టిగా పనిచేస్తుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు. కొంచెం అన్యాయంగానే వాడింది. నలభై చొక్కాలకు వీసాకు ముప్పు వస్తుందని ఆమె అనలేదు, కానీ ఆ మాటను అక్కడ పెట్టి వదిలేసింది.)

దుకాణదారు: పోనీ, లైసెన్సు తీసుకుంటాననుకో. నలభై చొక్కాలకు దరఖాస్తు రుసుము కట్టి, బొమ్మ పంపి, వాళ్ళు చూసి చెప్పేదాకా కూర్చుని, మళ్ళీ వాటా ఇచ్చి... తిరుప్పూరు నుంచి బనీను గుడ్డ చెన్నై ఓడలో వచ్చేసరికే రేటు ఎక్కడికో పోతుంది. నాకు మిగిలేది ఇంకు మరకలే. ఈ పద్ధతి పెద్ద ఫ్యాక్టరీవాడి కోసం పెట్టింది. వాడికి లైసెన్సు రుసుము లెక్కలోకి రాదు, నాలాంటివాడు పోటీకి రాకుండా కంచె కూడా అవుతుంది. రేటు పెరిగితే కట్టేదెవరు? పిల్లలే.

వకీలు: ఈ ఒక్క విషయంలో నాతో వాదించాల్సిన పని లేదు. చిన్నవాడికి చిన్న లైసెన్సు ఉండాలి. ఎక్కడైనా పెట్టాలంటే నేను సంతకం పెడతాను. కానీ కంచె ఎత్తుగా ఉందని పొలానికి గట్టే అక్కర్లేదంటావేటి? ఇంతకీ, పోయినేడు మన తెలుగు సంఘం గుర్తుతో చొక్కాలు కావాలని ఒకడొచ్చాడే, వాణ్ణి ఎందుకు పంపేశావు?

దుకాణదారు: వాడా? వాడు సంఘంలో మనిషి కాదు. ముప్పై చొక్కాలు, వెనక ‘కమిటీ’ అని వెయ్యాలన్నాడు. ఎందుకని అడిగితే అన్నదానానికి చందాలన్నాడు. ఎక్కడ అన్నదానమంటే నీళ్ళు నమిలాడు. ఆ చొక్కాలేసుకుని జెట్టీ దగ్గర నిలబడితే మనవాళ్ళు, పాపం, చీర కొంగులో ముడి విప్పి ఇచ్చేస్తారు. నేను వెయ్యనన్నాను.

వకీలు: ట్రేడ్ మార్కు చూసి అన్నావా?

దుకాణదారు: మనిషిని చూసి అన్నాను.

వకీలు: వాడు అడిగిన చొక్కాలో మోసం ఎక్కడుంది? గుడ్డ మంచిదే, ఇంకు మంచిదే. ఆ చొక్కా సంఘమే కుట్టిందని ఎవరూ అనుకోరు. ఇందాక ఉంగరాల కేసులో నువ్వు మెచ్చుకున్న మాట ప్రకారం నువ్వు అచ్చేసి ఇచ్చెయ్యాలి.

దుకాణదారు: అది వేరు.

వకీలు: ఏం వేరు? చొక్కా ఎవరు చేశారన్నది కాదు, తొడుక్కున్నవాడు ఎవరి తరఫున నిలబడ్డాడన్నది జనం చూస్తారు. నార్త్ బేలో గ్లాస్ బాటమ్ బోటు ఎక్కేవాడు బోటువాడి లైసెన్సు కాగితం చూస్తాడా? చొక్కా చూసి ఎక్కుతాడు. సంఘం గుర్తు సరుకుకు కాదు, మనిషికి వేసే ముద్ర. నువ్వు ఆ రోజు చేసింది లైసెన్సింగే మావయ్యా. దరఖాస్తు తీసుకున్నావు, ఉపయోగం ఏమిటని విచారించావు, తిరస్కరించావు. రుసుము ఒక్కటే తీసుకోలేదు.

దుకాణదారు: సరే, అలాగే అనుకుందాం. కానీ నేను చేసింది వాణ్ణి ఎదురుగా నిలబెట్టి, కళ్ళలోకి చూసి. ఆ కంపెనీవాడు నా మొహం చూస్తాడా, ఆ పిల్ల మొహం చూస్తాడా? ఫారం చూస్తాడు, డబ్బు చూస్తాడు. ఆ చందాలవాడే అక్కడ రుసుము కట్టి ఫారం నింపితే లైసెన్సు ఇచ్చేస్తారు.

వకీలు: ఇవ్వొచ్చు. వందల కాలేజీల్లో ఉన్న మనుషుల మొహాలు చూసే దుకాణం ఎవరూ పెట్టలేరు కాబట్టి ఫారం పెట్టారు. ఇక్కడ నీకు అందరూ తెలుసు. డాలస్‌లో పక్కింటివాడి పేరు తెలియదు.

దుకాణదారు: తెలియకపోవడమే రోగం అయితే, దానికి మందు లైసెన్సు కాదు కదా.

(ఇద్దరూ గెలిచినట్టే మొహం పెట్టారు. ఇందాక కీలు అన్నానే, అది ఇక్కడుంది. సరుకు గుర్తు కొనేవాడికీ చేసినవాడికీ మధ్య మాట. సంఘం గుర్తు తొడుక్కున్నవాడికీ చూసేవాడికీ మధ్య మాట. రెండో దానికి వేరే చట్టం లేక మొదటి చట్టాన్నే సాగదీస్తున్నారు. సాగదీసిన చోట దుకాణదారుడిలాంటివాళ్ళు చిక్కుకుంటున్నారు. మన చట్టంలో 61వ సెక్షన్ నుంచి సామూహిక గుర్తులని ఒక అధ్యాయం ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సి.ఎ. గుర్తు అలాంటిదే. గుర్తుతో పాటు దాన్ని ఎవరు వాడాలి, ఎలా వాడాలి అనే నియమాలు కూడా దాఖలు చెయ్యాలి. సంఘాలకు ఇదే సరిగ్గా సరిపోయే చొక్కా అని నా అభిప్రాయం. వకీలు కూడా అక్కడికే వచ్చింది.)

వకీలు: మన సంఘం గుర్తును ముందు సామూహిక గుర్తుగా నమోదు చేయించండి. ఆన్‌లైన్‌లో 9,000 రూపాయలు. దీవులు కోల్‌కతా ఆఫీసు కిందికి వస్తాయి. పదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. సభ్యుడు ఎవడు, చొక్కా మీద ఎవరు వేసుకోవచ్చు, ‘కమిటీ’ అని ఎవరు రాసుకోవచ్చు, అన్నీ రాసి పెట్టండి. రేపు నువ్వు దుకాణంలో లేని రోజున మీ కుర్రాడు ఆ చందాలవాడికి అచ్చేసి ఇచ్చేస్తే?

దుకాణదారు: 9,000 ఎవడిస్తాడు? సంక్రాంతి ముగ్గుల పోటీకి బహుమతులు కొనడానికే చందాలు చాలలేదు. అయినా పోలీసులు ఊరుకుంటారా, ఎవడో తప్పుడు గుర్తు వేస్తే?

వకీలు: అబద్ధపు ట్రేడ్ మార్కు వేస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని రాసే ఉంది. కానీ సోదా చెయ్యాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, ఆయన ముందుగా రిజిస్ట్రారు అభిప్రాయం తెచ్చుకోవాలి. నమోదే లేకపోతే రిజిస్ట్రారు దేన్ని చూసి చెబుతాడు? సరే, దరఖాస్తు నేనే ఊరికే రాసిస్తాను. గుర్తు ఎవరు గీశారు?

దుకాణదారు: నేనే. డోలు, దాని మీద కొబ్బరాకు, చుట్టూ అలలు. ఒక ఆదివారం ఇక్కడే కూర్చుని ట్రేసింగ్ కాగితం మీద గీశాను. ప్రెసిడెంటు బావుందన్నాడు, అంతే.

వకీలు: డబ్బిచ్చారా?

దుకాణదారు: టీ ఇచ్చారు.

వకీలు: కాగితం మీద ఏమైనా రాసిచ్చావా?

దుకాణదారు: గుర్తు గీసిచ్చినందుకు కాగితమేటి?

వకీలు: అయితే బొమ్మ మీద కాపీరైటు ఇంకా నీదే. గీసినవాడే మొదటి యజమాని. ఇంకొకరికి వెళ్ళాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఇవ్వాలి. 1957 చట్టం, 17, 19 సెక్షన్లు. సంఘం నీ బొమ్మను బ్యానర్ల మీద, రసీదు పుస్తకాల మీద, లెటర్ హెడ్ మీద ఇన్నాళ్ళూ వాడుకుంటోంది. నమోదుకు వెళ్ళాలన్నా ముందు నిన్నడగాలి.

దుకాణదారు: నన్నా?

వకీలు: నిన్నే.

దుకాణదారు: పోయిన ఉగాదికి ఆ బ్యానరు నా దగ్గర వేయించకుండా ఎదుటి ఒడ్డున ఫ్లెక్సీ షాపులో వేయించారు తెలుసా! రేటు తక్కువని. డోలుకు ఒక వైపు మూతే లేదు, వాడు సాగదీసేశాడు. అంటే దానికి నా అనుమతి కావాల్సిందన్నమాట.

వకీలు: కావాల్సింది.

దుకాణదారు: మరి ఆ ఫ్లెక్సీవాడికి ఒక నోటీసు రాసివ్వగలవా?

వకీలు: ఇప్పుడే కదా అక్షరాలకు యజమాని ఉండడన్నావు!

దుకాణదారు: అక్షరాలకు లేడన్నాను. డోలు నేను గీసింది.

(ఆమె నోటీసు రాయలేదు. టెక్సస్‌కు మాత్రం మెసేజీ పెట్టింది: సంఘం పై కార్యాలయం నుంచి అనుమతి మెయిలు వస్తే మావయ్య అక్షరాలు వేస్తాడు, రాకపోతే లైట్ హౌసు, నలభై మంది పేర్లు వేస్తాడు, ఏదో ఒకటి వారంలోగా చెప్పు అని. గుర్తును సంఘానికి రాసిచ్చే కాగితం ముసాయిదా కూడా అక్కడే మొదలుపెట్టింది. ప్రతిఫలం అన్న చోట ఒక్క రూపాయి అని వేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆ రూపాయి అలా ఉంచి, కింద ఇంకో షరతు చేర్చమన్నాడు: చొక్కాలైనా బ్యానర్లయినా డోలుకు రెండు మూతలూ కనబడాలి, అచ్చుకు ముందు నమూనా తనకు చూపించాలి.)